మూసీ గట్టు నుంచి పటాన్‌చెరు దాకా... ఓ గోడ కథ

నాగోలు వంతెన మీద నిలబడితే ముందు తగిలేది వాసన. ఆ తర్వాతే మూసీ కనిపిస్తుంది. నల్లగా, చిక్కగా, అక్కడక్కడా సబ్బునురగ లాంటి తెల్లటి తెట్టెతో మెల్లగా కదులుతుంటుంది. గట్ల మీద మాత్రం కళ్లు చెదిరే పచ్చదనం. పారాగడ్డి! ఆ నీళ్లతోనే ఏపుగా పెరుగుతుంది. కోసి మోపులు కట్టి నగరంలోని పాడిపశువులకు పంపుతారు.

అది కంటికి కనిపించే పంట. కనిపించని పంట ఇంకోటి ఉంది. ఆ నల్లనీళ్లు ఒక్క చెంచాడు తీసుకుంటే చాలు, అందులో బ్యాక్టీరియా లక్షల్లో ఉంటుంది. మన పేగుల్లోనూ మురుగులోనూ ఉండే ఈ-కోలినే తీసుకోండి. మిల్లీమీటరులో అయిదొందలో వంతు పొడవుంటుంది. తిండి, వెచ్చదనం కుదిరితే ఇరవై నిమిషాలకో ఈత. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది...

పెరగడం, రెండుగా చీలడం. బ్యాక్టీరియాకు తెలిసిన పని ఇదే. మనిషి దాన్ని చంపాలన్నా ఆ పని దగ్గరే దెబ్బ కొట్టాలి. ఆ పని గుట్టు విప్పిన ప్రయోగశాల, దాన్ని అడ్డుకునే మందుల్ని తయారుచేసే కార్ఖానాలు, ఆ మందులకే లొంగకుండా బ్యాక్టీరియా ఆరితేరిన వాగులు... మూడూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. అదీ ఒకే దారిలో! వంతెనకు దగ్గర్లోని నాగోలు స్టేషన్లో మెట్రో ఎక్కితే చాలు. 2017 నవంబరులో నగరంలో మొట్టమొదట మెట్రో నడిచిన దారి ఇదే. నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా 30 కిలోమీటర్లు.

నాలుగో స్టేషన్

ఉప్పల్, స్టేడియం దాటాక వచ్చేది ఎన్‌జీఆర్‌ఐ. భూమి గుట్టుమట్లు చూసే సంస్థ పేరే స్టేషన్‌కీ పెట్టారు. దాని తర్వాత హబ్సిగూడ. ఒకప్పుడు ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీలు ఉన్న గూడెం కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. ఆ పక్కనే తార్నాక. తార్నాక, ఉప్పల్ మధ్య నాలుగడుగులు వేస్తే చాలు, ఏదో ఒక జాతీయ పరిశోధనాలయం బోర్డు కనిపిస్తుంది. రసాయనాలకు ఐఐసీటీ, తిండికి జాతీయ పోషకాహార సంస్థ, జీవకణానికి సీసీఎంబీ.

సీసీఎంబీ 1977లో పుట్టింది. ఇప్పుడు ఐఐసీటీ అంటున్న అప్పటి ప్రాంతీయ పరిశోధనాలయంలో జీవరసాయన విభాగంగా ఉన్నదాన్ని విడదీసి, పుష్పమిత్ర భార్గవ ఆధ్వర్యంలో వేరే సంస్థగా నిలబెట్టారు. ఇప్పుడున్న ప్రాంగణాన్ని 1987లో ప్రధాని రాజీవ్‌గాంధీ జాతికి అంకితం చేశారు. డీఎన్ఏ వేలిముద్రలనగానే గుర్తొచ్చే పేరు ఇది. కొవిడ్ రోజుల్లో వైరస్ జన్యుక్రమాల కోసం పేపర్లు రోజూ తలచుకున్న పేరూ ఇదే.

అయితే ఈ కథకు కావాల్సిన గది అంత ఆర్భాటంగా ఉండదు. బ్యాక్టీరియా ప్రయోగశాలలు ఎక్కడైనా ఒక్కలాగే ఉంటాయి. మూతపెట్టిన గాజు పళ్లేలు, 37 డిగ్రీల వేడిలో వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లు, అందులో గిరగిరా ఊగే ఫ్లాస్కులు, ఈస్ట్ రసం వాసన. సాయంత్రం పళ్లెంలో గీత గీస్తే తెల్లారేసరికి గసగసాల్లా చుక్కలు మొలుస్తాయి. మొలవకపోతే? అప్పుడే అసలు సంగతి దొరుకుతుంది.

మంజులా రెడ్డి ఇక్కడే ఓ పాత చిక్కుముడి పట్టుకున్నారు. చెబితే చిన్నపిల్లలు అడిగే ప్రశ్నలా ఉంటుంది. గోడలు కట్టేసిన ఇల్లు, లోపల మనుషులుండగానే, గోడ పడకుండా, ఎలా పెద్దదవుతుంది?

వల చినగకుండా వల పెరగాలి

బ్యాక్టీరియా చుట్టూ ఓ గోడ ఉంటుంది. గోడ అనడం అలవాటుగానీ నిజానికది వల. చక్కెర అణువులు వరసగా గుచ్చిన పొడుగాటి దారాలు, వాటిని అడ్డంగా కలుపుతూ అమైనో ఆమ్లాల పొట్టి ముడులు. పెప్టిడోగ్లైకాన్ అంటారు దాన్ని. విచిత్రమేంటంటే ఆ వల మొత్తం ఒకటే అణువు! ఎక్కడా అతుకు లేని సంచిలా కణాన్ని చుట్టేసి ఉంటుంది.

అది లేకపోతే ఏమవుతుంది? లోపల ఉప్పులూ చక్కెరలూ చిక్కగా ఉంటాయి కాబట్టి బయటి నీళ్లు లోపలికి తోసుకొస్తుంటాయి. సైకిల్ ట్యూబుకి టైరు ఎంతో ఈ కణానికి ఈ వల అంత. టైరు చిరిగిందా, ట్యూబు ఢాం!

మరి కణం పెరగాలంటే వలా పెరగాలి. కొత్త దారం చేర్చాలంటే పాత ముడి ఎక్కడో ఓ చోట విప్పాలి. ముడి విప్పితే వల బలహీనపడుతుంది. విప్పకపోతే దారానికి చోటుండదు. చేపల వల అల్లేవాళ్లనడగండి, నీళ్లలో చేపలు నిండి ఉన్న వలను పెద్దది చేయమంటే ఏమంటారో!

ముడి కోసే కత్తెరలేవో ఉండాలని శాస్త్రవేత్తలు చాలాకాలంగా అనుకుంటున్నారు. వల దారాల్ని కోసే ఎంజైములు ఈ-కోలిలో చాలానే దొరికాయి కూడా. ఇబ్బందల్లా ఏంటంటే, ఒక్కో దాన్నీ తీసేసి చూస్తే బ్యాక్టీరియా ఏం పట్టనట్టు పెరిగేది. దీంతో ఏ కత్తెర అసలుదో తేలలేదు.

మంజులా రెడ్డి బృందం 2012లో ఆ లెక్క తేల్చింది. కత్తెర ఒకటి కాదు, మూడు. మెప్-ఎస్, మెప్-ఎం, మెప్-హెచ్. ఒకటి లేకపోతే మిగతావి ఆ పని చూసుకుంటాయి. ఉమ్మడి కుటుంబంలో ఒకరు ఊరెళితే పొయ్యి ఆరిపోదు కదా, అలాగన్నమాట. మూడింటినీ లేకుండా చేసినప్పుడు మాత్రం వలలోకి కొత్త దారం ఒక్కటీ ఎక్కలేదు. కణాలు పగిలిపోయాయి. అంటే, గోడ కట్టేవాళ్లెంత ముఖ్యమో కూల్చేవాళ్లూ అంతే ముఖ్యమన్నమాట. ఈ-కోలిలో ఆ మాటకు రుజువు దొరికింది హబ్సిగూడలో.

అక్కడితో ఆగితే సగం కథే. కత్తెర చేతికిచ్చి వదిలేస్తే వల మొత్తం కోసేయదూ? దాన్ని అదుపులో పెట్టేదెవరు? అదే బృందం 2015లో ఆ కాపలాదారునీ పట్టుకుంది. పీఆర్‌సీ అనే ప్రొటీన్ మెప్-ఎస్‌ను ముక్కలు చేసి పారేస్తుంది. ఎన్ఎల్‌పీ-ఐ అనే మరో ప్రొటీన్ దగ్గరుండి అప్పగిస్తుంది. రెండేళ్లకు తైవాన్‌లోని అకడమియా సినికా శాస్త్రవేత్తలు ఆ రెండూ కలిసి ఉండగా వాటి ఆకారం తేల్చారు. పీఆర్‌సీ అచ్చంగా ఓ గిన్నె. ఎన్ఎల్‌పీ-ఐ దానికి అతుక్కుని, కత్తెరను పట్టి గిన్నెలోకి అందిస్తుంది. హైదరాబాద్‌లో పళ్లేల మీద చుక్కలు లెక్కపెట్టి ఊహించినదాన్ని తైపీలో ఎక్స్-కిరణాలు బొమ్మగీసి చూపించాయి.

2019లో ఇక్కడే మరో కత్తెర దొరికింది. మెప్-కె. ఇది వేరే రకం ముడుల్ని మాత్రమే కోస్తుంది. అదే ఏడాది మంజులా రెడ్డికి జీవశాస్త్రంలో ఇన్ఫోసిస్ బహుమతి ప్రకటించారు. పేపర్లలో ఓ రోజు ఫొటో వచ్చింది. ఆ వీధిలోనే ఉండేవాళ్లలో ఎంతమందికి గుర్తుందో మరి!

ఇరవై నిమిషాల ప్రయాణం

ఎన్‌జీఆర్‌ఐలో రైలెక్కి అమీర్‌పేటలో దిగడానికి ఇరవై నిమిషాలు, అటూ ఇటుగా. మధ్యలో తొమ్మిది స్టేషన్లు. ఈలోపు ఫ్లాస్కులో ఈ-కోలి ఏం చేస్తుందో చూద్దాం.

మెట్టుగూడ వచ్చేసరికి అది పొడవు పెరుగుతుంటుంది. ఎంఆర్‌ఈ-బీ అనే ప్రొటీన్ లోపలి వైపు చిన్నచిన్న పోగులుగా పేరుకుని, గోడ కట్టే ఎంజైముల్ని వెంటేసుకుని కణం చుట్టూ తిరుగుతుంది. తాపీమేస్త్రీ కూలీలను వెంటేసుకుని తిరిగినట్టు. అందుకే కణం ఉబ్బి గుండ్రంగా కాకుండా మాత్రలా నిలువుగా సాగుతుంది. ఆ మేస్త్రీ లేకపోతే ఈ-కోలి బంతిలా తయారవుతుంది.

ప్యారడైజ్ దాటేసరికి డీఎన్ఏ రెండు ప్రతులయ్యింది. ఇప్పుడు సరిగ్గా నడుం దగ్గర ఓ ఉంగరం ఏర్పడుతుంది. దాని పేరు ఎఫ్‌టీఎస్-జడ్. పేరు నోరు తిరగనిదేగానీ వెనక చక్కటి కథ ఉంది. 1968లో పారిస్ పాశ్చర్ సంస్థలో యుకినోరి హిరోటా, ఆంటోనెట్ రైటర్, ఫ్రాంస్వా జాకబ్ కలిసి వేడికి తట్టుకోలేని ఈ-కోలి రకాల్ని ఏరారు. మామూలు వేడిలో బుద్ధిగా చీలేవి, 42 డిగ్రీలకు పెంచితే చీలడం మరిచిపోయి దారాల్లా పొడుగ్గా సాగిపోయేవి. వేడికి దారాలయ్యే రకాలు అన్న ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలే ఎఫ్, టీ, ఎస్. ఆ వరసలో చివరి అక్షరం తగిలించుకున్నదే ఈ ఉంగరం ప్రొటీన్. అది ఉంగరంలా ఉంటుందని 1991లో అమెరికాలో ఎర్ఫెయి బి, జో లుట్కెన్‌హాస్ చూశారు.

దాని ఆకారం తేలింది 1998లో. కేంబ్రిడ్జ్‌లో యాన్ లోవ, లిండా ఆమోస్ ఆ ప్రొటీన్‌ను స్ఫటికాలుగా మార్చి ఎక్స్-కిరణాలతో చూశారు. చూస్తే... తెలిసిన ముఖమే! మన కణాల్లో క్రోమోజోముల్ని అటూ ఇటూ లాగే ట్యుబ్యులిన్ ప్రొటీన్‌కు అది దాయాది. అమైనో ఆమ్లాల వరసలో పోలిక కొంచెమే, మడతల్లో మాత్రం అచ్చుగుద్దినట్టే. కోటానుకోట్ల ఏళ్ల కిందట విడిపోయిన చుట్టరికం అలా బయటపడింది. మూడేళ్లకు అదే చోట ఎంఆర్‌ఈ-బీ ఆకారమూ తేల్చారు. అది మన కండరాల్లో ఉండే యాక్టిన్‌కు చుట్టం. బ్యాక్టీరియాకు లోపల ఆకారం నిలిపే చట్రమంటూ ఏదీ ఉండదని అంతకుముందు పాఠ్యపుస్తకాల్లో రాసేవారు. ఆ వాక్యం కొట్టేయాల్సి వచ్చింది.

ఈ ఉంగరం ఊరికే బిగుసుకుంటుందా? కాదు. పోగు ఓ కొస పెరుగుతుంటే ఇంకో కొస ఊడుతుంటుంది. దాంతో పోగులన్నీ నడుం చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నట్టుంటుంది. 2017లో ఈ చలనాన్ని సూక్ష్మదర్శినిలో పట్టుకున్నారు. అవి తిరిగేకొద్దీ గోడ కట్టే ఎంజైములు లోపలికి లోపలికి అడ్డుగోడ కడతాయి. సంచి నడుముకు తాడు బిగించినట్టు కణం నొక్కుకుపోతుంది.

బేగంపేట. రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన భవనం పాత విమానాశ్రయం దగ్గరే ఉంది. 1897 నాటి మాట. ఆయన పేరు ఊళ్లో చాలామందికి తెలుసు.

అమీర్‌పేట. ఉంగరం విడిపోయింది. రైలెక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు రెండు.

బాలానగర్ బాకీ

అమీర్‌పేటలో రైలు మారాలి. మియాపూర్ వైపు వెళుతుంటే వచ్చేదే బాలానగర్. సోవియట్ సాయంతో 1960ల్లో కట్టిన ఐడీపీఎల్ మందుల కర్మాగారం ఇక్కడే. అందులో ఉత్పత్తి ఆగి ఏళ్లయింది. చౌరస్తాకు మాత్రం పేరు మిగిలింది. బయటికి చెప్పుకోని బాకీ ఒకటి ఈ ఊరు దానికి పడింది. అక్కడ పనిచేసి బయటికొచ్చిన రసాయన శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు సొంత కంపెనీలు పెట్టారు. 1984లో సొంత సంస్థ మొదలుపెట్టిన అంజిరెడ్డి వాళ్లలో ఒకరు. దేశంలో బల్క్‌డ్రగ్స్ రాజధాని అని హైదరాబాద్‌కు పేరొచ్చిందంటే దాని విత్తనం బాలానగర్‌లో పడింది.

వీటిలో యాంటీబయాటిక్స్‌ది పెద్దపీట. అవి పనిచేసేదెలా? మళ్లీ ఆ వల దగ్గరికే రావాలి.

1928 సెప్టెంబరులో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో ఫ్లెమింగ్ పళ్లెంలో బూజు పడింది. చుట్టూ బ్యాక్టీరియా కరిగిపోయింది. ఆ కథ తెలియనిదెవరికి? ఎందుకు కరిగిపోయిందన్నది మాత్రం ముప్ఫై ఏడేళ్లు ఆగాక గానీ అర్థం కాలేదు. 1945లో ఆక్స్‌ఫర్డ్‌లో డొరతీ హాడ్జ్‌కిన్ పెనిసిలిన్ అణువు ఆకారం తేల్చారు. నాలుగు పరమాణువుల బిగుతైన చతురస్రం అందులో ఉంది. 1965లో టిప్పర్, స్ట్రామింజర్ అసలు కిటుకు చెప్పారు. వలలో ముడి పడే చోట ఉండే రెండు అమైనో ఆమ్లాల జంటకు పెనిసిలిన్ నకలులా ఉంటుంది. ముడివేసే ఎంజైము మోసపోయి దాన్ని పట్టుకుంటుంది. ఇక వదలదు. చేయి ఇరుక్కుపోతుంది. ముడులు పడటం ఆగిపోతుంది, కత్తెరలు మాత్రం తమ పని తాము చేసుకుపోతాయి. చివరికి వల చిరుగుతుంది.

అంటే పెనిసిలిన్ ఒక్కటే చంపదు. బ్యాక్టీరియా సొంత కత్తెరలూ ఆ చావులో చేయి వేస్తాయి. హబ్సిగూడలో దొరికిన ముక్క ఇక్కడ సరిగ్గా అతుకుతుంది.

బ్యాక్టీరియా ఊరుకుంటుందా? ఆ చతురస్రాన్ని పటుక్కున తెంపే ఎంజైము తయారుచేసుకుంది. బీటా-లాక్టమేజ్. మందు వల దాకా చేరకముందే దారికాచి తెంపేస్తుంది. ఆ తరహా మందుల్లో కొత్తది వచ్చినప్పుడల్లా దాన్ని తెంపే కొత్త రకం పుట్టుకొస్తూనే ఉంది.

ఇక పట్టలేని చెరువు

మియాపూర్‌లో రైలు దిగి బస్సెక్కాలి. ముంబయి హైవే మీద పటాన్‌చెరు. ఒకప్పటి పొట్లచెరువు. పేరులోనే చెరువుంది. 1970ల నుంచీ పారిశ్రామికవాడ పెరుగుతూ వచ్చింది. మెట్టపంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ కూడా 1972 నుంచీ ఈ ఊరి పక్కనే. ఓ పక్క రైతుకు విత్తనం, ఇంకో పక్క పొలంలోకి రంగునీళ్లు. ఇసుకవాగు, నక్కవాగు వెంట ఉన్న ఊళ్లవాళ్లు బావులు పాడయ్యాయని, పంటలు పోయాయని, పశువులు చచ్చిపోయాయని మొత్తుకున్నారు. 1990లో విషయం సుప్రీంకోర్టుకెక్కింది. ఊళ్లోనే వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు దశాబ్దాల తరబడి దాని వెంట పడ్డారు.

అక్కడి నీళ్లలో ఏముందో లెక్క తీసింది స్వీడన్ వాళ్లు. గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిం లార్సన్ బృందం, సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. గమనించండి, శుద్ధికి ముందు నీళ్లు కాదు, తర్వాతవి. 2007లో వచ్చిన ఆ పత్రంలో ఉన్న అంకె చూసి ప్రపంచం కళ్లు నులుముకుంది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! జబ్బుకు మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. రోజుకు 45 కిలోల మందు వాగులో కలుస్తోందని అంచనా వేశారు. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా అయిదు రోజులు వాడే మందు అది. 2009లో మరో పత్రం. చుట్టుపక్కల చెరువుల్లో, ఊరిబావుల్లో కూడా మందుల జాడలున్నాయని.

ఆ సిప్రోకి, నడుం ఉంగరానికి ఓ సంబంధం ఉంది. సిప్రో గోడ జోలికి పోదు. డీఎన్ఏ మెలికలు విప్పే ఎంజైమును పట్టేస్తుంది. డీఎన్ఏ తెగుతుంది. తెగిన డీఎన్ఏతో చీలితే పిల్లలకు సగం సగం జన్యువులు పోతాయి. కాబట్టి కణం ప్రమాదఘంట కొడుతుంది. సుల్-ఏ అనే ప్రొటీన్ పరిగెత్తుకొచ్చి ఎఫ్‌టీఎస్-జడ్‌ను పట్టుకుంటుంది. ఉంగరం కట్టుకోనివ్వదు. ఎక్కడ పట్టుకుంటుందో, పోగులు ఒకదానికొకటి అతికే చోటును ఎలా మూసేస్తుందో 2003లో కేంబ్రిడ్జ్ బృందమే ఆకారంతో సహా చూపించింది. మరమ్మతు అయ్యేదాకా చీలిక బంద్. పెరగడం మాత్రం ఆగదు. దాంతో కణం దారంలా సాగిపోతుంది. అచ్చం 1968లో పారిస్ పళ్లేల్లో కనిపించినట్టే.

చూసేవాళ్లకు అది చచ్చిపోతున్న బ్యాక్టీరియా. నిజానికి అదో పుట్ట. 2015లో ప్రిన్స్‌టన్ శాస్త్రవేత్తలు సన్నటి అరల్లో ఒక్కో దారాన్నీ వేరుచేసి గమనించారు. ఒక్కో దారంలో ఎన్నో డీఎన్ఏ ప్రతులు. అవి ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకుంటూ, తప్పులు చేసుకుంటూ, ఏదో ఒక ప్రతిలో మందును తట్టుకునే మార్పు దొరికిందాకా ఓపిగ్గా ఉన్నాయి. దొరికాక ఆ దారం కొసన మొగ్గ తొడిగినట్టు చిన్న కణం ఒకటి విడివడింది. మామూలు పొడవు, మామూలు నడుం, మామూలుగానే చీలుతుంది. సిప్రో పోస్తే మాత్రం చావదు.

మందు ఎక్కువైతే ఏ బ్యాక్టీరియా అయినా చస్తుంది. వాగు వెంట కిందికి వెళ్లేకొద్దీ మందు పలచబడుతుంది. చంపలేనంత, దారంలా సాగదీసేటంత మందు ఉండే చోటు ఎక్కడో ఒకచోట వచ్చి తీరుతుంది. అలాంటి చోట్లే వాటికి బడి. అందులోనూ ఆ శుద్ధి కేంద్రంలో మందుల వ్యర్థాలకు మనుషుల మురుగునూ కలిపేవారు. సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేసి వ్యర్థాన్ని కరిగిస్తాయని. పేగు బ్యాక్టీరియాను తీసుకెళ్లి మందుల తొట్టిలో దించడం కాదా అది? 2013లో వచ్చిన పరిశోధన జవాబిచ్చింది. అక్కడి నుంచి తీసిన 93 బ్యాక్టీరియా రకాల్ని 39 మందులతో పరీక్షిస్తే, నూటికి 86 రకాలు ఇరవై అంతకుమించి మందులకు లొంగలేదు.

వచ్చిన దారినే...

పటాన్‌చెరు గోల భరించలేక ఓ ఉపాయం కనిపెట్టారు. శుద్ధి చేసిన నీటిని వాగులోకి వదలకుండా సుమారు 18 కిలోమీటర్ల గొట్టం వేసి, నగరం పెద్ద మురుగు కాలువలో కలిపి, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపారు. అక్కణ్నుంచి మూసీలోకి. అంటే, మనం రైల్లో తూర్పు నుంచి పడమరకు వచ్చిన దారికి ఎదురుగా, నేల కింద, నీళ్లు పడమర నుంచి తూర్పుకు వెళ్లాయి. నక్కవాగు వాళ్లకు ఊరట దొరికిందేమో. నీళ్లు మాత్రం మాయమవలేదు, ఊరు మారాయంతే. అంబర్‌పేట తర్వాత నది దాటే వంతెనల్లో ఒకటి... నాగోలు.

2016 నవంబరులో జర్మనీ లైప్‌జిగ్ పరిశోధకులు హైదరాబాద్ వచ్చారు. కార్ఖానాల పక్క, మూసీలో, ఊళ్లలో మొత్తం 28 చోట్ల నీళ్లు పట్టారు. దాదాపు అన్నింట్లోనూ బీటా-లాక్టమేజ్ తయారుచేసే మొండి బ్యాక్టీరియా ఉంది. కార్బపెనెమ్‌లనే ఆఖరి అస్త్రాల్ని తెంపేసేవి కూడా.

ఆ తర్వాత చాలా కంపెనీలు చుక్క నీరు బయటికి పోని యంత్రాలు పెట్టుకున్నాయి. అందుకు మెచ్చుకోవాల్సిందే. నిబంధన సంగతే తేలలేదు. వ్యర్థజలంలో ఏ యాంటీబయాటిక్ ఎంత ఉండొచ్చో చెబుతూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 121 మందులకు హద్దులు గీశారు. 2021 ఆగస్టులో తుది ఉత్తర్వు వచ్చేసరికి ఆ పట్టిక లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో ఇలాంటి కార్ఖానాల వ్యర్థాలకు తొలిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. అవి పాటించి తీరాలన్న కట్టుబాటేమీ లేదు.

మరి కొత్త మందులో? ఇప్పుడున్నవాటిలో చాలావరకు గోడ కట్టేవాళ్ల చేతులు కట్టేసేవే. కూల్చేవాళ్ల మీద, అంటే ఆ మెప్ కత్తెరల మీద గురిపెట్టిన మందు ఇంకా దుకాణంలోకి రాలేదు. ఉంగరం మీద గురిపెట్టిన రసాయనం ఒకటి 2008లో బయటపడింది. ఎఫ్‌టీఎస్-జడ్ పోగుల్ని కదలనీయకుండా బిగదీస్తుంది. ఎలుకల్ని కాపాడింది. మనుషుల దాకా రావడానికి దాని వారసులు ఇంకా తంటాలు పడుతున్నాయి. కత్తెర ఆకారం తెలిస్తే దాని నోట్లో ఇరుక్కునే పుల్లను చెక్కొచ్చన్న ఆశతో ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి. ఒక మందు పళ్లెం నుంచి మంచం దాకా రావడానికి పదేళ్లయినా పడుతుంది. మొండి కణం పుట్టడానికి అన్నేళ్లు అక్కర్లేదు.

సాయంత్రం తిరుగు రైలు ఎన్‌జీఆర్‌ఐ దాటేసరికి చీకటి పడుతుంటుంది. ఆ పక్కనే ఇంక్యుబేటర్లలో పళ్లేలు పెట్టే వేళ. నాగోలు వంతెన కింద గడ్డిమోపులు ఎక్కించుకున్న ఆటో ట్రాలీ ఒకటి గట్టెక్కుతుంది. మోపుల నుంచి నీళ్లు కారుతుంటాయి.